పంతొమ్మిదో నంబరు గిటారు

జనవరి 11

మావయ్యా,

నీ గిటారు నిన్న మధ్యాహ్నం క్షేమంగా చేరింది. పెట్టె చుట్టూ నువ్వు కట్టిన తాడు విప్పడానికి నాకు అరగంట పట్టింది. ముప్ఫై ఏళ్లు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసిన మనిషివి, ఓడల్ని కట్టేసే ముళ్లు ఎక్కడ నేర్చుకున్నావో అర్థం కాలేదు. కత్తెర తెచ్చిస్తే కూడా వద్దన్నాను. నీ ముడి కోస్తే నీకు తెలిసిపోతుందని భయం.

కత్తెర తెచ్చింది జిగురాయన. అంటే నా కొత్త యజమాని. వేళ్ల చివర్లు ఎప్పుడూ జిగురుతో మెరుస్తుంటాయి కాబట్టి నేను పెట్టిన పేరు, ఆయనకి తెలియదు. ఈ రిపేరు షాపుకి వచ్చే ఫిడేళ్లూ గిటార్లూ అన్నీ ఏదో ఒక దెబ్బ తిన్నవే. ఆయన వాటితో మాట్లాడినంత కూడా నాతో మాట్లాడడు. రోజుకి పది మాటలు లెక్కపెట్టి వాడతాడు. చరిత్రలో ఎమ్మే చేసి ఇసుక కాగితంతో చెక్క రుద్దుతున్నావా అని అమ్మ ఫోనులో అడుగుతుంది. రెండేళ్లలో ఇది నా నాలుగో ఉద్యోగం కాబట్టి నేనేమీ అనను. "ఇదైనా ఉంటుందా" అని అడిగి పెట్టేస్తుంది.

నాలుగో అంతస్తులో ఉంటున్నాను. కిటికీ తీస్తే ఎదుటి కిటికీ. అందులో ఒకాయన ప్రతి ఉదయం ఒకే నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. మేమిద్దరం ఇంతవరకూ ఒకర్నొకరు చూడనట్టే నటిస్తున్నాం. పక్క గది తలుపు చప్పుడైతే నేనూ ఏదో పనున్నట్టు తలుపు తీసి బయటికి వస్తాను. అప్పటికి వాళ్లు మెట్లు దిగిపోతుంటారు.

సరే, నీ గిటారు సంగతి. తీగలు బిగించిన పట్టీ కింద నుంచి జానెడు పొడుగున పగులు. పొడి గాలికి పైచెక్క ముడుచుకుపోయిందట. లోపలి నుంచి చిన్న చెక్క ముక్కలు అడ్డంగా అతికించాలి. జిగురాయన లోపలికి చిన్న బల్బు దింపి, పళ్ల డాక్టర్లు వాడేలాంటి అద్దంతో చూసి ఈల వేశాడు. ఈయన ఈల వేయగలడని నాకు ఇప్పటిదాకా తెలియదు. ఇది మీ మావయ్యకి ఎక్కడిదని అడిగాడు. ఎక్కడిది మావయ్యా? నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మీ ఇంట్లోనే ఉంది. గోడలూ కిటికీలూ ఎక్కడివని ఎవరడుగుతారు?

ఫోను చేద్దామంటే ఫోనులో నా గొంతు నీకు అందదు. అందుకే ఇంత పొడుగు. నువ్వూ పొడుగ్గానే రాయాలి.

ప్రస్తుతానికి ఇక్కడ వాలిన
తూనీగ

*

జనవరి 19

తూనీగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంగతుల కోసం, రెండోసారి నీ అక్షరాల వంకరలు చూడటానికి. ఇంకా అలాగే రాస్తున్నావు, బస్సులో నిలబడి రాసినట్టు.

గిటారు వెళ్లి రెండు వారాలు. ఇల్లు పాడైపోయిన మీటరులా ఉంది, ముల్లు కదలడం లేదు. సాయంత్రం ఆరు కాగానే చేతులు వాటంతట అవే గోడవైపు వెళ్తున్నాయి. నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు గానీ, ఈ రెండేళ్లలో చెవులు బాగా తగ్గిపోయాయి. రేడియో మూసేశాను, అది నాకు గొణుగుడే. ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే తెలుస్తుంది. అలా కూర్చునేవాళ్లు ఎవరు? గిటారు పై అంచు మీద దవడ ఆనించి మీటితే మాత్రం లోపలికి వినపడుతుంది, ఎముకలోంచి. నాకిప్పుడు పూర్తిగా వినపడేది అదొక్కటే. అందుకని మీ జిగురాయన్ని కాస్త తొందర పెట్టు.

ఎక్కడిదని అడిగాడు కదూ. రైలు జంక్షన్ ఊళ్లో పాత సామాన్ల కొట్టులో కొన్నాను. ఇరవై ఆరేళ్లయింది. కొత్త రకం మీటర్ల మీద శిక్షణ అని మమ్మల్ని అక్కడికి నాలుగు రోజులు పంపారు. ఆ ఆఖరి రోజున కొన్నాను. రసీదు ఉంది. కొట్టువాడి ముద్ర కూడా ఉంది. న్యాయంగా కొన్నదే. పగులు బాగుచేయడానికి ఇవన్నీ ఆయనకెందుకు?

పెట్టెలో అత్తయ్య కుట్టిన పూల గుడ్డ సంచి ఉంటుంది, పారేయకు. వేడి అన్నం తింటున్నావా, లేక పొద్దున్నా సాయంత్రమూ రొట్టె ముక్కేనా?

మావయ్య

*

జనవరి 26

మావయ్యా,

కూర్చుని చదువు. చెడ్డ వార్త కాదు, వింత వార్త.

మా షాపులో ఒక లావుపాటి ఫైలుంది. వాయిద్యాలు పోగొట్టుకున్నవాళ్లు ఆనవాళ్లు రాసి రిపేరు షాపులన్నిటికీ పంపే కాగితాలు అందులో ఉంటాయి. నీ గిటారు లోపలి చెక్క మీద పెన్సిలుతో "19" అని ఉంది. దాన్ని చేసిన మనిషి జీవితం మొత్తంలో నలభై ఒక్క గిటార్లే చేశాడట. తర్వాత చూపు పోయింది. పాత వాయిద్యాలు పోగుచేసేవాళ్లు వాటి కోసం పడి చస్తారని, అమ్మితే చిన్న ఇల్లు కొనుక్కోవచ్చని జిగురాయన చెప్పాడు. ఆ రోజు ఆయన పది మాటల కోటా అక్కడితో అయిపోయింది. మాట్లాడకుండా ఫైలు తీసి నా ముందు పెట్టాడు.

అందులో ఒక కాగితం. పంతొమ్మిదో నంబరు. మెడ చివర, తీగలు చుట్టే మరల పక్కన బొటనవేలి గోరంత నల్లటి కాలిన మచ్చ. ఒక కచేరీ హాలు వెనక గదిలోంచి పోయింది. నువ్వు కొనడానికి ముందు ఏడాది.

అంటే ఎవడో దొంగిలించి ఆ కొట్టువాడికి అమ్మాడు. నువ్వేమీ తెలియకుండా కొన్నావు. ఇందులో నీ తప్పేమీ లేదు. అసలు వింత ఇంకోటి ఉంది. పోగొట్టుకున్నాయనది మీ ఊరే. నీళ్ల ట్యాంకు వెనక రెండో వీధి, పచ్చ గేటు ఇల్లు. నువ్వు మీటర్లు చూసిన వీధే అయ్యుంటుంది కదా? హోటళ్లలో సాయంత్రాలు గిటారు వాయించేవాడట, పిల్లలకి నేర్పేవాడట. ఉంటే ఇప్పుడు ఎనభై దాటి ఉంటాడు. నువ్వు వెళ్లి ఉన్నాడో లేడో కనుక్కోగలవా? ఎంత దగ్గరో చూడు. ఇన్నేళ్లూ ఆయన గిటారు ఆయన ఇంటికి అయిదు వీధుల అవతల మోగింది.

ఇక్కడో పద్ధతి ఉంది. షాపులోకి వచ్చిన ప్రతి వాయిద్యం మెడకీ ఒక చీటీ కడతాం. మొదటి గడి "ఎవరిది". అది నిండకపోతే జిగురాయన ఉలి ముట్టుకోడు. మొదటి రోజే నీ పేరు రాశాను నేను. మొన్న ఆయన ఆ చీటీ తీసేసి ఖాళీది కట్టాడు. "నీకు తెలిసినప్పుడు రాయి" అన్నాడు. అంతే.

నాకు తెలియదు మావయ్యా. నువ్వు చెప్పు.

తూనీగ

*

ఫిబ్రవరి 4

అమ్మాయీ,

గిటారు ఎలా ఉందో అలా వెనక్కి పంపించు. పగులు ఉన్నా ఫరవాలేదు. రసీదు ఉందని ఇదివరకే రాశాను. బాగుచేయమని పంపాను, విచారణ చేయమని పంపలేదు.

మావయ్య

*

ఫిబ్రవరి 10

మావయ్యా,

"అమ్మాయీ" అన్నావు. నాకు బుద్ధి తెలిశాక నువ్వు నన్నలా పిలవడం ఇదే మొదలు. ఆ ఒక్క మాటకే నాకు తిక్క రేగింది, ఏడుపూ వచ్చింది. ఇంత చిన్న గదిలో రెండూ పట్టవు.

ముందు నా తప్పు చెప్పేస్తాను. వారమైనా నీ జవాబు రాకపోయేసరికి నీకు ఒంట్లో బాగాలేదేమో, ఆ వీధికి నడవలేవేమో అనుకున్నాను. రెండో తారీఖున పచ్చ గేటు ఇంటికి నేనే ఉత్తరం రాసేశాను. నీ ఊసు ఎత్తలేదు. షాపు చిరునామా ఇచ్చి, మీరు పోగొట్టుకున్నది మా దగ్గరికి వచ్చినట్టుంది అని మాత్రం రాశాను. ముందురోజైనా నీ ఉత్తరం వచ్చి ఉంటే ఆగేదాన్నేమో. ఆగేదాన్ని కాదేమో కూడా.

రసీదు ఉంది, నిజమే. కాని ఆ కొట్టువాడు తనది కానిదాన్ని నీకు అమ్మాడు. ఆ కాగితం నువ్వు దొంగవి కావని చెబుతుంది, గిటారు నీదని చెప్పదు. ఇది నేను కోపంతో అంటున్నది కాదు, నాలుగు రోజులు ఇసుక కాగితం రుద్దుతూ ఆలోచించి అంటున్నాను. తెలియనప్పుడు నీ దగ్గరుండటం వేరు. తెలిశాక ఉండటం వేరు.

నిన్న పాత వాయిద్యాలు పోగుచేసే ఒకాయన వచ్చాడు. బల్ల మీద దాన్ని చూసి బూట్లు చప్పుడు కాకుండా దగ్గరికొచ్చాడు, పసిబిడ్డ నిద్రపోతున్నట్టు. వాళ్లింట్లో ఇలాంటివి పదకొండు ఉన్నాయట, అద్దాల బీరువాల్లో. ఒక్కదానికీ తీగలుండవట, తీగలు బిగిస్తే చెక్క అలిసిపోతుందట. ఫైలు సంగతి చెబితే నవ్వి, పెన్సిలు అంకె ఎంతసేపు, రబ్బరుతో పోతుంది అన్నాడు. జిగురాయన వెళ్లి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెళ్లిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. నువ్వూ ఆ బీరువా మనిషీ ఒకటని నేననను. నువ్వు వాయిస్తావు. కాని ఆయన మాట విన్నప్పుడు నీ చిన్న ఉత్తరం గుర్తొచ్చింది, అది నాకు నచ్చలేదు.

నీకు ఇంకో గిటారు నేను చూస్తాను. దవడ ఆనించడానికి ఏ చెక్కయినా సరిపోదా? ఇది అత్తయ్య విన్న గిటారు కాబట్టి వదల్లేకపోతున్నావని తెలుసు. అయినా అత్తయ్య ఉంటే ఏం చేయమనేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

పెట్టె లోపలి వెల్వెట్ గుడ్డ అడుగున ఊడిపోయింది. గిటారు ఎవరికి వెళ్లినా పెట్టె బాగుండాలి కదా. రేపో ఎల్లుండో ఆ గుడ్డ మొత్తం ఊడదీసి కొత్తగా అతికిస్తాను.

నీ
తూనీగనే

*

ఫిబ్రవరి 19

తూనీగా,

ఈపాటికి గుడ్డ ఊడదీసి ఉంటావు. ఉత్తరం చదివి ఉంటావు. అత్తయ్య ఏం చేయమనేదో తెలుసని నువ్వు ముందే రాశావు, ఇప్పుడు ఆవిడ చేతిరాతలోనే చూసుంటావు. ఇంక దాచడానికి ఏముంది? అంతా రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

గిటారు కొని తెచ్చిన వారానికి, పెట్టె మూలలో తీగలు పెట్టుకునే చిన్న అరలో అత్తయ్యకి ఒక కార్డు దొరికింది. పేరు, పచ్చ గేటు చిరునామా. ఇది ఎవరిదో, పోయినదై ఉంటుంది అంది. సందేహమే పడలేదు. నీకు తెలుసుగా ఆవిడ సంగతి. వంటింట్లో నిలబడే ఉత్తరం రాసి నా చేతిలో పెట్టింది. "ఎలాగూ సోమవారం ఆ వీధికి వెళ్తావుగా. ఇచ్చి రా" అంది.

వెళ్లాను. మీటరు సంచిలో ఉత్తరం ఉంది. తలుపు తీసింది ఆయనే. మీటరు వాళ్ల పెరటి గోడకి ఉండేది, ఇంట్లోంచి నడిచి వెళ్లాలి. ముందు గదిలో గోడకి ఒక ఖాళీ కొక్కెం. దాని కింద సున్నం మీద గిటారు ఆకారంలో తెల్లటి చోటు. అంకె రాసుకున్నాను. ఆయన గ్లాసుతో నీళ్లిచ్చాడు. తాగాను. వచ్చేశాను.

ఎందుకు ఇవ్వలేదంటే నాకు ఈనాటికీ తెలియదు. వాయించడం కూడా సరిగా రాదు అప్పటికి. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకంటూ ఒక వస్తువు ఇష్టపడి కొనుక్కోలేదు, అదే కావచ్చు. వచ్చే నెల ఇద్దాంలే అనుకున్నాను. ఇంటికొస్తే అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. ఏమన్నారు అంది. నా నోట్లోంచి వచ్చేసింది: ఉంచుకోండి, నేను వేరేది కొనుక్కున్నాను, మీరు వాయించుకుంటే సంతోషం అన్నారు అని. ఒక్క క్షణం పట్టింది ఆ అబద్ధానికి. అత్తయ్య కళ్లు తుడుచుకుంది. మర్నాడే ఆ పూల గుడ్డ తెచ్చి సంచి కుట్టింది.

తర్వాత ఇరవై ఏళ్లు, రెండు నెలలకోసారి ఆ ఇంటికి వెళ్లాను. నూట ఇరవై సార్లు. వీధి మార్చమని ఆఫీసులో అడగొచ్చు. అడగలేదు. అదే నా శిక్ష అని పేరు పెట్టుకున్నాను, నిజానికి ఎవరికీ తెలియలేదు కదా అని చూసుకోవడానికే వెళ్లేవాణ్ణి. మొదట్లో ఆ ఇంటి నీళ్లు ముప్ఫై యూనిట్లు. కూతురు వెళ్లాక ఇరవై. ఒకసారి ఉన్నట్టుండి పన్నెండుకి పడిపోయింది. ఆయన భార్య పోయారని అంకె చూశాకే తెలిసింది నాకు. ఆఖరిసారి చూసినప్పుడు నాలుగు. నాలుగు యూనిట్లంటే ఒక మనిషి, అదీ బట్టలు వాయిదా వేసుకునే మనిషి. కొక్కేనికి గొడుగు తగిలించి ఉండేది. ప్రతిసారీ నీళ్లిచ్చాడు.

ఇంకొకటి. అత్తయ్యకి బజారులో ఆయన కనిపిస్తే నిలబడిపోయేది. నిండుగా నవ్వి, తల వంచి వెళ్లేది. మనకి అంత పెద్ద వస్తువు ఇచ్చేసిన మనిషి అనుకుంది కదా. నేను సంచి పట్టుకుని నాలుగడుగులు వెనకే, కూరగాయల బళ్ల చాటున నేల చూస్తూ ఉండేవాణ్ణి. ఆవిడ పోయేదాకా అలాగే నవ్వింది.

నాలుగేళ్ల కింద, ఆవిడ పోయిన తర్వాత ఉత్తరం బీరువాలోంచి తీసి వెల్వెట్ కింద పెట్టి అతికించాను. చింపడానికి చేతులు రాలేదు.

నువ్వు రాశావు, తెలిశాక ఉండటం వేరని. నాకు ఏడో రోజు నుంచీ తెలుసు, తూనీగా.

మావయ్య

*

ఫిబ్రవరి 25

మావయ్యా,

నేను గుడ్డ ఊడదీయలేదు.

ఆ వారమంతా జిగురాయన నాకు ఒక స్కూలు వాళ్ల ఫిడేళ్లు పధ్నాలుగు అప్పగించాడు. పెట్టె ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. నేను చదవలేదు, నాకేమీ తెలియదు. నువ్వే చెప్పేశావు. నీ ఉత్తరం పట్టుకుని షాపు మెట్ల మీద కూర్చున్నాను, జిగురాయన వచ్చి నా పక్కన ఒక టీ గ్లాసు పెట్టి వెళ్లాడు. చల్లారేదాకా చూస్తూ ఉన్నాను.

తర్వాత గుడ్డ తీశాను. ఉంది. చదివాను, చదవకూడదేమో, అయినా చదివాను. "అప్పటిదాకా మా పిల్లని చూసుకున్నట్టు చూసుకుంటాం" అని రాసింది అత్తయ్య. మీకు పిల్లలు లేరు కదా. సెలవులకి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే కదా.

నీ మీద కోపం రావాలి. వచ్చింది కూడా, ఒక పూట. ఆ పూటంతా నీతో మనసులో గొడవపడ్డాను, నువ్వేమీ అనకుండా నీళ్లు తాగుతూ కూర్చున్నావు. ఆ తర్వాత నా ఉత్తరాలు ఒకటొకటి గుర్తొచ్చాయి. వెళ్లి కనుక్కోగలవా అని ఎంత హుషారుగా రాశాను. ఇంకో గిటారు చూస్తానన్నాను. అన్నీ తెలిసినదానిలా రెండు పేజీలు నీతి చెప్పాను. ఒక మనిషి ఇంటికి నూట ఇరవై సార్లు వెళ్లడం అంటే ఏమిటో నాకేం తెలుసు? ఎక్కడా ఏడాది నిలవనిదాన్ని.

ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. కార్డు మీద మూడు వాక్యాలు, వణికే చేత్తో. అది నాదే, ఆ మచ్చ నా సిగరెట్టుది. నేను ప్రయాణం చేయలేను, మీరు పంపగలరా. ఇన్నేళ్లు ఎవరి దగ్గరుందో తెలుసుకోవాలని ఉంది, ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి కాదు.

మావయ్యా, ఇప్పుడు నేనొకటి అంటాను, నెల కింద అనేదాన్ని కాదు. ఇక్కడి నుంచే పార్సిలు చేసేస్తాను. షాపుకి ఎవరో తెచ్చి వదిలేశారు అని రాస్తాను. జిగురాయన కాదనడు, ఆయన ఏదీ అనడు. గిటారు ఆయనకి చేరుతుంది. నువ్వెవరో ఆయనకి తెలియనక్కర్లేదు. ఊళ్లో తల వంచుకుని తిరగనక్కర్లేదు. చేరాల్సిన వస్తువు చేరడమే కదా అసలు సంగతి. కాదా?

చీటీ ఇంకా ఖాళీగానే ఉంది.

తూనీగ

*

మార్చి 3

తూనీగా,

చీటీ మీద ఆయన పేరు రాయి. పగులు నా ఇంట్లో పడింది కాబట్టి బాగుచేయించి ఇవ్వాలి, ఆ భారం నాది. పని అయ్యాక గిటారు నాకు పంపు. నేనే పట్టుకెళ్తాను.

నువ్వు చెప్పింది తేలికైన దారి. నా మీద ప్రేమతో చెప్పావు, తెలుసు. కాని ఆయన అడిగింది రెండు, ఒకటే ఇచ్చి ఊరుకుంటే మళ్లీ ఉత్తరం సంచిలో పెట్టుకుని వెనక్కి వచ్చినట్టే.

భయంగా ఉంది. ఇది మీ అమ్మకి చెప్పకు.

మావయ్య

*

మార్చి 22

మావయ్యా,

ఈ ఉత్తరం గిటారుతో పాటే వస్తోంది.

పేరు రాసిన పూటే జిగురాయన ఉలి తీశాడు. పగులు వెంట లోపల తొమ్మిది చెక్క ముక్కలు అతికించాం. మూడు ఆయన, ఆరు నేను. నా చెయ్యి ఆ చిన్న రంధ్రంలోంచి పడుతుంది, ఆయనది సగమే పడుతుంది. నేరుగా చూడకుండా అద్దంలో చూసుకుంటూ పనిచేయాలి, కుడి ఎడమవుతుంది. నేను ఒక్క పని మీద అంతసేపు ఉండటం నాకే ఆశ్చర్యం. చివర్న ఆయన "బావుంది" అన్నాడు.

అత్తయ్య ఉత్తరం పూల సంచిలో పెట్టాను. ఏం చేయాలో నువ్వే చూసుకో. కొత్త తీగలు బిగించాం. నువ్వు ఒక్క సాయంత్రం దవడ ఆనించి వాయించుకుని ఇచ్చినా ఎవరూ ఏమీ అనరు. నేనయితే అనను.

నేను రానా? ఒక్క మాట రాస్తే బండెక్కుతాను. జిగురాయన్ని సెలవు అడిగితే ఒక మాట ఖర్చవుతుంది, అంతే.

తూనీగ

*

ఏప్రిల్ 2

తూనీగా,

నువ్వు రానక్కర్లేదు. అయిపోయింది. నిన్న పొద్దున వెళ్లాను.

వాయించలేదు ఇంట్లో. పెట్టె మూత తీసి నీ అతుకులు ఉన్నచోట వేలితో తట్టి చూశాను. గట్టిగా ఉంది. మూసేశాను.

పచ్చ గేటుకి రంగు పోయి తుప్పు తేలింది. తలుపు తీసి నన్ను చూడగానే గుర్తుపట్టాడు. మీటరా, ఇప్పుడు వేరే ఆయన వస్తున్నారుగా అన్నాడు. తర్వాత నా చేతిలో పెట్టె చూశాడు. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. నేనే వెళ్లి కుర్చీ మీద పెట్టాను. ఆయన వంగి మూత తీశాడు. తీగలు ముట్టుకోలేదు. మెడ చివర మచ్చ మీద బొటనవేలు పెట్టాడు. ఆ వేలు చాలాసేపు తియ్యలేదు.

నిలబడే చెప్పాను. జంక్షన్ కొట్టు, కార్డు, ఉత్తరం, అబద్ధం. దారిలో కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు, మీటరు అంకెలు చదివినట్టు చదివేశాను. అయిపోయాక ఆయన నా ముఖంలోకి చూసి, నాకు తెలిసేలా నిదానంగా అడిగాడు.

"ఎన్నిసార్లు వచ్చావు నా ఇంటికి?"

"నూట ఇరవై సార్లు."

"ఒక్కసారైనా మంచినీళ్లు ఇవ్వకుండా పంపానా?"

"లేదండీ."

తల ఊపాడు. తిట్టి ఉంటే బాగుండేది. వేళ్లు చూపించాడు, కణుపులు ఉబ్బి వంకర తిరిగిపోయాయి. పదేళ్ల కింద తెచ్చి ఉంటే వాయించేవాణ్ణి అన్నాడు. కోపంగా అనలేదు. ఎండెక్కింది అన్నట్టు అన్నాడు.

అత్తయ్య ఉత్తరం ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈవిణ్ణి నేనెప్పుడైనా చూశానా అని అడిగాడు. బజారులో మిమ్మల్ని చూసి నవ్వేది అని చెప్పాను. ఆయన కూర్చున్నాడు. గిటారు కుర్చీ మీద ఉంది కాబట్టి కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

మా ఆవిడ పోయాక ఈ ఊళ్లో నన్ను చూసి నవ్విన మనిషి ఆవిడొక్కతే, అన్నాడు. ఎవరో తెలియదు, ఎందుకో తెలియదు. ఎప్పుడో నా పాట విని ఉంటుంది, నా చేతిలో పనితనం గుర్తుండిపోయి ఉంటుంది అనుకునేవాణ్ణి. బజారుకి పనిలేకపోయినా ఆ వేళకి వెళ్లేవాణ్ణి. కొన్నాళ్లుగా కనిపించడం మానేసింది.

"ఆ నవ్వుకి కారణం ఇదన్నమాట" అన్నాడు.

తూనీగా, ఒక చేత్తో గిటారు తిరిగిచ్చి ఇంకో చేత్తో ఆయన దగ్గరున్న ఇంకోదాన్ని లాగేసుకున్నాను. నీ తేలికైన దారిలో పంపించి ఉంటే ఆ నవ్వు ఆయనకి ఉండిపోయేది కదా. నిన్నటి నుంచీ నేను తిరగేస్తున్నది ఇదే. చెప్పకుండా ఉండాల్సిందని అనలేను. చెప్పి మంచి చేశానని అసలే అనలేను. చదువుకున్నదానివి, నీకేమైనా తెలిస్తే రాయి.

ఇక వెళ్లు అన్నాడు. క్షమించాననలేదు, నేను అడగలేదు. మెట్లు దిగి గేటు దాకా వచ్చేశాను. వెనక తలుపు మీద గట్టిగా కొట్టిన చప్పుడు లీలగా అంది తిరిగి చూశాను. గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో ఉత్తరం. మళ్లీ మెట్లెక్కి ఆయన ఎదురుగా నిలబడ్డాను. కింద సంతకం చోట అత్తయ్య "మీ వీధికి మీటరు చూడటానికి వచ్చే ఆయన భార్య" అని మాత్రం రాసింది. అక్కడ వేలు పెట్టి చూపిస్తూ అడిగాడు.

"ఆవిడ పేరేమిటి?"

చెప్పాను. ఆయన ఆ పేరు ఒకసారి పైకి అన్నాడు. మెల్లిగా, ఒక్క అక్షరం తప్పకుండా. అని, తలుపు వేసుకున్నాడు.

నాలుగేళ్లయింది ఆ పేరు నేను కాక ఇంకొకరు పలికి.

మావయ్య